లూషా హ్యారిస్ ఎన్‌బీఏ పిలుపును ఎందుకు కాదన్నారు?

కందుకూరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈడు పిల్లలందరి కంటే పొడవు. బడిలో పీఈటీ సారు బాస్కెట్‌బాల్ ఆడిస్తున్నారు. ఒకప్పుడు అమెరికాలో ఎన్‌బీఏ మగవాళ్ల జట్టు ఒక ఆడపిల్లను ఎంపిక చేసుకుందనీ, ఆమె వెళ్లలేదనీ ఎవరో చెప్పారు. ఇది నిజమేనా? నిజమైతే అంతటి అవకాశాన్ని ఎందుకు వదులుకున్నట్టు? ఆమె ఆటలో మా అమ్మాయి నేర్చుకోదగింది ఏమైనా ఉందా?"

నిజమే. ఆమె పేరు లూషా హ్యారిస్. ఎన్‌బీఏ అంటే అమెరికాలో మగవాళ్ల వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్. 1977 జూన్ 10న జరిగిన ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే ఆ ఏటి కళాశాల క్రీడాకారులను వృత్తి జట్లు వంతులవారీగా పంచుకునే ఎంపికలో, అప్పటి న్యూ ఆర్లీన్స్ జాజ్ జట్టు ఏడో రౌండ్‌లో, మొత్తం మీద 137వ స్థానంలో ఆమె పేరు పిలిచింది. అంతకు ముందు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ జట్టు డెనీస్ లాంగ్ అనే అమ్మాయి పేరు పిలిచిన మాట వాస్తవమే కానీ, ఆ ఎంపికను లీగ్ కమిషనర్ రద్దు చేశారు. కాబట్టి అధికారికంగా ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన స్త్రీ నేటికీ హ్యారిస్ ఒక్కరే. ఆమె శిక్షణ శిబిరానికి వెళ్లలేదన్నదీ నిజమే. అయితే దాన్ని చేజార్చుకున్న అదృష్టంగా చెప్పే కథనం మాత్రం సరైనది కాదని, నెల్లూరు, ప్రకాశం జిల్లాల కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తూ ఆడపిల్లల జట్లను తయారు చేసినవాడిగా నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఆమె ఆట మొదటి నుంచీ చెప్పుకు రావాలి.

ఆమె 1955 ఫిబ్రవరి 10న మిసిసిపీ రాష్ట్రంలోని మింటర్ సిటీ అనే ఊళ్లో, పాలుకు పొలం చేసుకునే నల్లజాతి రైతు కుటుంబంలో, పదకొండు మంది సంతానంలో పదో బిడ్డగా పుట్టారు. ఆ ప్రాంతమంతా పత్తి. పిల్లలు సైతం చేలో పని చేయవలసిందే. దర్శి, పొదిలి వైపు పత్తితీతకు వెళ్లే ఆడవాళ్లను చూసినవారికి ఆ పని ఎలాంటిదో నేను విడమరచి చెప్పనక్కరలేదు. అన్నలు ఇంటి దగ్గర బంతి ఆడుతుంటే వాళ్లతో కలిసి ఆడి, రాత్రిళ్లు టెలివిజన్‌లో బిల్ రస్సెల్, ఆస్కార్ రాబర్ట్‌సన్ వంటి మగ క్రీడాకారుల ఆట చూసి నేర్చుకున్నారు. అప్పటికి టెలివిజన్‌లో చూసి నేర్చుకోవడానికి ఆడవాళ్ల ఆట లేదు. గ్రీన్‌వుడ్ పట్టణంలోని అమాండా ఎల్జీ హైస్కూల్ జట్టుకు నాయకత్వం వహించేనాటికి ఆమె ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. హైస్కూల్ తరవాత ఆల్కార్న్ స్టేట్ కళాశాలలో చేరాలనుకున్నారు. అక్కడ మహిళల జట్టు లేదు. చేరి ఉంటే ఆట అక్కడితో ఆగిపోయేది. ఆ సమయంలోనే క్లీవ్‌లాండ్ పట్టణంలోని డెల్టా స్టేట్ విశ్వవిద్యాలయం మహిళల జట్టును మళ్లీ మొదలుపెడుతూ ఆమెను పిలిచింది.

"మళ్లీ" అనడానికి ఒక కథ ఉంది, అది తెలియకపోతే హ్యారిస్ స్థానం అర్థం కాదు. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెడితే, మరుసటి ఏడాదే స్మిత్ కళాశాల వ్యాయామ అధ్యాపకురాలు సెండా బెరెన్‌సన్ దాన్ని ఆడపిల్లలకు నేర్పారు. కానీ స్త్రీల శరీరం ఎక్కువ పరుగును తట్టుకోలేదన్న ఆనాటి నమ్మకానికి తలొగ్గి కోర్టును మూడు భాగాలుగా గీసి, ఎవరి భాగంలో వాళ్లే ఆడాలన్న నియమం పెట్టారు. తరవాతి దశాబ్దాల్లో ఆ నియమం అనేక రూపాలు మారింది కానీ పోలేదు. జట్టుకు ఆరుగురు, వారిలో బుట్ట వేసేవాళ్లు వేరు, అడ్డుకునేవాళ్లు వేరు. ఐదుగురితో, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఆడే పద్ధతి అమెరికా మహిళా కళాశాలల్లో 1971 నాటికి గానీ స్థిరపడలేదు. డెల్టా స్టేట్‌లో 1930ల మొదట్లో ఒక మంచి మహిళా జట్టు ఉండేది. ఈ ఆట ఆడపిల్లలకు మితిమీరిన శ్రమ అని చెప్పి కళాశాలవారే ఆ జట్టును ఎత్తివేశారు. ఆ జట్టులోని అమ్మాయిలు ఏడ్చి, తమ యూనిఫారాలను తగలబెట్టారట. వాళ్లలో ఒకరైన మార్గరెట్ వేడ్ తరవాత హైస్కూల్ బాలికలకు చాలా ఏళ్లు కోచ్‌గా ఉన్నారు. 1973లో, తన అరవయ్యో ఏట, తనను ఆడనివ్వని కళాశాలలోనే జట్టును తిరిగి నిలబెట్టారు. ఆ జట్టుకు మూలస్తంభం పద్దెనిమిదేళ్ల హ్యారిస్.

అంతకు ముందు ఏడాది, 1972లో, చదువులో ఆడ మగ వివక్ష కూడదంటూ అమెరికాలో చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన డబ్బు రాదు కదా. హ్యారిస్‌కు దొరికింది క్రీడా స్కాలర్‌షిప్ కాదు. చదువుకు ఇచ్చే సహాయమూ, క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకునే వీలూ మాత్రమే. పైగా ఆ జట్టులో నల్లజాతి అమ్మాయి ఆమె ఒక్కరే, అదీ మిసిసిపీలో, నల్లవారికీ తెల్లవారికీ వేరు వేరు బడుల కాలం ముగిసి కొద్ది ఏళ్లే అయిన రోజుల్లో.

ఆ నాలుగు సీజన్ల ఫలితాలను ఒకసారి చూడండి. మొదటి ఏడాది పదహారు గెలుపులు, రెండు ఓటములు. రెండో ఏడాది ఇరవై ఎనిమిది ఆటలాడి ఒక్కటీ ఓడలేదు. మూడో ఏడాది ముప్పై మూడు గెలిచి ఒకటి, నాలుగో ఏడాది ముప్పై రెండు గెలిచి మూడు ఓడారు. అంటే మొత్తం 115 ఆటల్లో ఓడింది ఆరే. 1972 నుంచి వరుసగా మూడేళ్లు జాతీయ విజేతగా ఉన్న ఇమ్మాక్యులాటా కళాశాల జట్టును 1975 ఫైనల్లో 90–81 తేడాతో, 1976 ఫైనల్లో 69–64 తేడాతో ఓడించారు. 1977లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంపై 68–55తో గెలిచి, తామూ వరుసగా మూడు టైటిళ్లు సాధించారు. ఆ 115 ఆటల్లో హ్యారిస్ వేసిన పాయింట్లు 2,981, పట్టిన రీబౌండ్లు, అంటే గురి తప్పి రింగు దగ్గర నుంచి వెనక్కి వచ్చే బంతులు, 1,662. సగటున ఆటకు దాదాపు 26 పాయింట్లు, 14కు పైగా రీబౌండ్లు.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అప్పటికి కళాశాలల ఆటలో మూడు పాయింట్ల గీత లేదు. దూరం నుంచి వేసినా, రింగు కింద నుంచి వేసినా రెండే పాయింట్లు. కాబట్టి రింగుకు దగ్గరగా, బోర్డుకు వీపు పెట్టి నిలబడి, బంతి అందుకుని, ఒక్క అడుగులో తిరిగి వేసే పోస్ట్ ప్లేయరే ఆటకు కేంద్రం. అక్కడ హ్యారిస్‌ను ఒంటరిగా అడ్డగలవారు అమెరికా కళాశాలల్లో లేరు. ఆమె ఎత్తు వల్లే ఇదంతా సాధ్యమైందని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. పొడవైన పిల్లలను మనం మన బడుల్లోనూ చూస్తూనే ఉన్నాం. బంతి అందుకోగానే కిందికి దించి, పొట్టి పిల్లల చేతికి చిక్కించుకునేవాళ్లే ఎక్కువ. ఆటకు పద్నాలుగు రీబౌండ్లు నాలుగేళ్ల పాటు పట్టాలంటే బంతి రింగుకు తగలక ముందే అది ఎటు పడుతుందో పసిగట్టి, ప్రత్యర్థి కంటే ముందు ఆ చోటులో నడుము ఆనించి నిలబడగలగాలి. అది ఎత్తుతో వచ్చేది కాదు.

ఇక మాంట్రియల్. పురుషుల బాస్కెట్‌బాల్ 1936 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. మహిళలకు చోటు దొరకడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1976 మాంట్రియల్ క్రీడల్లో ఆరు దేశాలకే ప్రవేశం. అమెరికా జట్టు ముందు ఏడాది ప్రపంచ పోటీల్లో ఎనిమిదో స్థానంలో నిలిచినందువల్ల, అర్హత పోటీ ఆడి నెగ్గి రావలసి వచ్చింది. జులై 19న జపాన్‌తో ఆడిన ఆటలో హ్యారిస్ వేసిన బాస్కెట్, ఒలింపిక్ మహిళల బాస్కెట్‌బాల్ చరిత్రలోనే మొదటిది. ఆమె చొక్కా మీద ఏడో నంబరు. తమాషా ఏమిటంటే ఆ ఆటలో అమెరికా 71–84తో ఓడిపోయింది. ఆ సంగతి చాలామంది వదిలేసి మొదటి బాస్కెట్ గురించే రాస్తారు. తరవాత బల్గేరియాను 95–79తో, కెనడాను 89–75తో గెలిచారు. సోవియట్ జట్టు ముందు మాత్రం 77–112తో చిత్తుగా ఓడారు. ఆ జట్టులో ఏడడుగుల ఉల్యానా సెమ్యోనోవా ఉంది. కళాశాల ఆటల్లో అందరి కంటే పొడగరిగా ఆడిన హ్యారిస్, తన కంటే ముప్పావు అడుగు పొడవైన మనిషిని ఎదుర్కోవలసి రావడం ఆ ఆటలోని విశేషం. చివరికి చెకోస్లోవాకియాపై 83–67తో గెలిచి రజతం తెచ్చుకున్నారు. బల్గేరియాకు కూడా అన్నే గెలుపులున్నా, ముఖాముఖి ఆటలో అమెరికా గెలిచింది గనుక రెండో స్థానం వీరిదైంది. ఆ జట్టులో హ్యారిస్‌తో పాటు ఆన్ మేయర్స్, నాన్సీ లీబర్‌మన్, తరవాత కోచ్ పాట్ సమ్మిట్‌గా ప్రసిద్ధికెక్కిన పాట్ హెడ్ ఉన్నారు. వారిలో ఆటకు సగటున అత్యధిక పాయింట్లు హ్యారిస్‌వే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఒలింపిక్ రజతం, మూడు జాతీయ టైటిళ్లు చేతిలో ఉన్న ఇరవై రెండేళ్ల క్రీడాకారిణి 1977లో డిగ్రీ పట్టా పుచ్చుకునే నాటికి, ఆమె డబ్బు తీసుకుని ఆడగల మహిళల వృత్తి లీగ్ అమెరికాలో ఒక్కటీ లేదు. ఉన్నది మగవాళ్లది. ఆ మగవాళ్ల లీగ్‌లో ఏడో రౌండ్ పిలుపు అంటే ఉద్యోగం కాదు, శిబిరానికి వచ్చి చూపించుకోమనడం. ఆ రౌండ్లలో పిలుపు అందుకున్న మగపిల్లల్లోనే జట్టులో నిలిచేవారు బహు కొద్ది మంది. హ్యారిస్ దాన్ని ప్రచారం కోసం చేసిన పనిగా భావించారు. మగవాళ్లతో పోటీ పడే స్థాయి తనకుందనీ అనుకోలేదు. ఆ ఏడాదే ఆమెకు జార్జ్ స్టువర్ట్‌తో పెళ్లయింది, ఆ సమయానికి ఆమె గర్భవతి. వెళ్లనందుకు బాధపడలేదని ఎంతో కాలం తరవాత కూడా చెప్పారు.

ఆటగా చూసినా ఆమె నిర్ణయంలో తప్పు లేదు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు మహిళల ఆటలో సెంటర్‌కు, అంటే రింగు కింద ఆడే స్థానానికి సరిపోతుంది. ఎన్‌బీఏలో ఆ ఎత్తువారు గార్డులు, రింగుకు దూరంగా ఉండి బంతిని నడిపేవాళ్లు. అంటే ఆమె జీవితమంతా రింగు కింద నేర్చుకున్న విద్యను పక్కనపెట్టి, బంతిని కోర్టు అవతలి చివర నుంచి కొట్టుకుంటూ తెచ్చి, దూరం నుంచి వేసి, తన కంటే వేగంగా పరుగెత్తే మగ గార్డులను అడ్డుకోవడం ఒక్క వేసవిలో నేర్చుకోవాలి. రెండేళ్ల తరవాత, 1979లో, ఆన్ మేయర్స్‌తో ఇండియానా పేసర్స్ అనే ఎన్‌బీఏ జట్టు 50,000 డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని మూడు రోజుల పరీక్షకు పిలిచింది. ఆమె పుట్టుకతో గార్డు ఆట ఆడిన మనిషి, ఆమెకే జట్టులో చోటు దక్కలేదు. అందుకే హ్యారిస్ వదులుకున్నది అవకాశం అనడం కంటే, ఆమె ఎక్కవలసిన తరవాతి మెట్టు కట్టనే లేదనడం న్యాయం.

ఆ తరవాతి భాగం క్లుప్తంగా చెబుతాను. 1978లో మహిళల వృత్తి లీగ్ ఒకటి మొదలైంది. అందులో 1979–80 సీజన్‌లో హ్యూస్టన్ ఏంజెల్స్ తరఫున హ్యారిస్ ఆడారు. 1981కల్లా ఆ లీగే మూతపడింది. ఈనాటి మహిళల వృత్తి లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ మొదటి ఆట 1997లో గానీ జరగలేదు, అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లు. మధ్యలో ఆమె టెక్సాస్ సదరన్ విశ్వవిద్యాలయం జట్టుకు కోచ్‌గా ఉండి, తిరిగి మిసిసిపీ వచ్చి తాను చదువుకున్న అమాండా ఎల్జీ హైస్కూల్‌లోనే పాఠాలు చెప్పి, జట్టును నడిపించి, నలుగురు పిల్లలను పెంచారు. బైపోలార్ అనే మానసిక వ్యాధితో దీర్ఘకాలం పోరాడిన సంగతి కూడా ఆమే దాచకుండా చెప్పారు. క్రీడాకారుల విషయంలో మోకాలి దెబ్బ గురించి మాట్లాడినంత తేలికగా మనసుకు వచ్చే జబ్బు గురించి మాట్లాడని మన అలవాటు దృష్ట్యా ఇది ప్రస్తావించదగ్గదే. 1992లో బాస్కెట్‌బాల్ మేటి క్రీడాకారులను గౌరవించే నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు స్థానమిచ్చారు. ఆ గౌరవం పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. 2022 జనవరి 18న కన్నుమూశారు. ఆమెపై తీసిన లఘు డాక్యుమెంటరీకి రెండు నెలల తరవాత ఆస్కార్ లభించింది. ఆ చిత్రం వచ్చాకే మన దేశంలో చాలామందికి ఆమె పేరు తెలిసింది. డ్రాఫ్ట్ ముచ్చటకు అంత ప్రచారం రావడానికీ అదే కారణమనుకుంటాను.

మన దగ్గర మహిళల బాస్కెట్‌బాల్‌లో అర్జున అవార్డు అందుకున్న మొదటి క్రీడాకారిణి సుమన్ శర్మ, అది 1983లో. కేరళకు చెందిన గీతూ అన్నా జోస్ 2006లో ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ క్లబ్ తరఫున వృత్తి క్రీడాకారిణిగా ఆడారు. 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్లు మూడు ఆమెను పరీక్షలకు పిలిచాయి. ఆమె ఆడిందీ హ్యారిస్ స్థానంలోనే, సెంటర్‌గా. చోటు దక్కకపోయినా, ఆమెను పిలిచినవి ఆడవాళ్ల జట్లు, ఆమె పోటీ పడింది తన స్థాయి క్రీడాకారిణులతో. హ్యారిస్‌కు లేనిదీ ఈమెకు ఉన్నదీ అదే. చెన్నైకి చెందిన అనితా పాల్‌దురై దాదాపు పదిహేడేళ్లు భారత జట్టుకు ఆడి, నాయకత్వం వహించి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. గీతూకైనా అనితకైనా ఇంటికి జీతం తెచ్చింది రైల్వే ఉద్యోగం. భారతదేశంలో ఆడపిల్ల ఈ ఆటతో బతకగలిగే మార్గాల్లో ఇప్పటికీ అదే గట్టిది. నెల్లూరు, గూడూరు వైపు పిల్లలకు విజయవాడ కంటే చెన్నై దగ్గర. బాస్కెట్‌బాల్‌కు అక్కడున్న ఆదరణ మన కోస్తాలో లేదు. కనుక సెలవుల్లో అక్కడ జరిగే శిబిరాలనూ, పోటీలనూ గమనించమని మీకు నా సలహా.

ఇక మీ అమ్మాయి హ్యారిస్ ఆట నుంచి తీసుకోదగింది. పొడవుగా ఉంది గనుక పీఈటీ సారు ఆమెను రింగు కిందే నిలబెడతారు, అది సహజం. అక్కడ ముందుగా నేర్పించవలసింది బంతి వేయడం కాదు, కాళ్లు. బోర్డుకు వీపు పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, ఒక పాదం నేలకు అతికించి రెండో పాదంతో ఇటూ అటూ తిరగడం బంతి లేకుండా రోజూ కాసేపు చేయించండి. షాటు గాలిలోకి లేవగానే బంతి వైపు చూడకుండా ముందు ప్రత్యర్థిని వీపుతో అడ్డుకోవడం, రీబౌండు పట్టగానే రెండు చేతులతో గడ్డం కిందకు లాక్కుని మోచేతులు బయటికి పెట్టడం అలవాటు కావాలి. ఇంకొకటి, హ్యారిస్ కాలానికీ ఈ కాలానికీ ఉన్న తేడా వల్ల చెబుతున్నది: ఇప్పుడు మూడు పాయింట్ల గీత వచ్చాక సెంటర్లు కూడా బంతి కొట్టుకుంటూ కదలాలి, దూరం నుంచి వేయాలి. అందువల్ల జట్టు సాధన ముగిశాక ఆమెను విడిగా గార్డు పిల్లలతో కలిపి డ్రిబ్లింగ్ చేయించమని సారును అడగండి. రాష్ట్ర స్థాయికి వెళితే తన కంటే పొడవైన పిల్లలు ఎదురుపడతారు. అప్పుడు రింగు కింద ఆట ఒక్కటే తెలిసి ఉంటే చాలదు. ఇంట్లో బంతి కొనేటట్లయితే మహిళలు ఆడే ఆరో నంబరు సైజే కొనండి. మగపిల్లలతో పంచుకోవచ్చు కదా అని ఏడో నంబరు కొంటే చేతి పట్టు చెడిపోతుంది.

మరొక్క మాట. మన రెండు జిల్లాల్లో పదో తరగతి దాకా చక్కగా ఆడి, స్కూల్ గేమ్స్‌లో జిల్లా జట్టుకు ఎంపికైన ఆడపిల్లలు ఇంటర్‌లో చేరగానే కోర్టు మొహం చూడకపోవడం నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చూశాను. ఆ రెండేళ్లు పోతే జూనియర్ జాతీయ పోటీల వయసు దాదాపు అయిపోతుంది, తిరిగి వచ్చినా ఒంటికి వేగం రాదు. మీకింకా సమయం ఉంది. కాలేజీ చూసేటప్పుడు ర్యాంకుల బోర్డుతో పాటు అక్కడ బాస్కెట్‌బాల్ కోర్టు ఉందో లేదో, సాయంత్రం ఒక గంట ఆడుకోవడానికి ఆడపిల్లలను వదులుతారో లేదో, పోటీలకు వెళ్లిన రోజులకు హాజరు ఇస్తారో లేదో ఫీజు కట్టక ముందే ప్రిన్సిపాల్‌ను అడిగి తెలుసుకోండి.